డంపర్ ముందు కట్టిన బట్ట

1986 మే నెల, రెండో మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గడియారం నాది కాదు, నా పక్కన నిలబడ్డ ఫోర్‌మన్‌ది. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్న డంపర్ సగంలో ఆగి, ఒకసారి ఊగి, వెనక్కి జారడం మొదలుపెట్టగానే ఆయన చేతి గడియారం చూసుకుని టైం పైకి చదివాడు. ఎందుకు చదివాడో ఆయనకే తెలియదు. గనుల్లో ముసలైపోయిన మనిషి, ఏం జరిగినా ముందు టైం చూసుకునే అలవాటు. ఆ అలవాటు పుణ్యమా అని ఆ టైం నాకు మిగిలిపోయింది.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం మా వీధిలో పికప్ బండి నడిపే డ్రైవర్. కాంట్రాక్టర్ కొన్న కొత్త బండి, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. గేరుపెట్టెలో నూనె ఎంత వేడిగా ఉందో స్టీరింగ్ ముందున్న అద్దం మీద అంకెల్లో వస్తుందట. "తాతా, తొంభై చూపెడుతున్నది. గది మామూలేనా, ఏమన్న ఖరాబైతదా?" అని అడిగాడు. మామూలే, పో అన్నాను. నూరు దాటితే కనిపెట్టుకుని ఉండు, నూట ఇరవై దాటితే బండి ఆపు, ఇంజిన్ మాత్రం ఆపకు అన్నాను. "బండి ఆపాలంటవ్, ఇంజిన్ ఆపద్దంటవ్. గదేం లెక్క తాతా?" అని నవ్వాడు. వాడి తప్పు లేదు. నాకే ఆ మాట మీద నవ్వు రావడం మానేసి చాలా కాలమైంది.

నేను గోదావరికి దగ్గర్లోని ఒక బొగ్గు గనిలో గ్రీజు బండి మీద ఫిట్టర్‌గా పనిచేశాను. భూమిలోకి దిగే గని కాదు, పైమట్టి ఎత్తిపోసి బొగ్గు తీసే గని. ఊరంత గొయ్యి. దాని అడుగు నుంచి పైకి చుట్టలు చుట్టుకుంటూ ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద పగలూ రాత్రీ మట్టీ బొగ్గూ మోసే డంపర్లు. ఒక్కో డంపర్ ఒక ఇల్లు కదిలి వచ్చినట్టు ఉండేది. ఎత్తు మధ్యలో ఒక మలుపు దగ్గర కొంచెం చదును జాగా ఉండేది. మా గ్రీజు బండి ఎప్పుడూ అక్కడే. వచ్చే పోయే డంపర్లకు నూనె చూడటం, గ్రీజు కొట్టడం, చిన్న చిన్న లీకులు కట్టడం మా పని.

అప్పటికి నాకు చదువు రాదు. వేలిముద్ర మనిషిని. డంపర్లలో గేజీల మీద రాసిన అక్షరాలు నాకే కాదు, నడిపేవాళ్లలో సగం మందికి తెలియవు. అయితే వాటి మీద రంగులు ఉండేవి. ఆకుపచ్చలో ముల్లు ఉంటే బాగుంది. పసుపులోకి వస్తే జాగ్రత్త. ఎరుపులోకి పోతే ఆపు. ఆ మాత్రం చదువు అందరికీ ఉండేది.

ఆ డంపర్లకు మామూలు లారీల్లాగా క్లచ్ ఉండదు. ఇంజిన్‌కూ చక్రాలకూ నడుమ నూనె తిరుగుతుంది, ఆ నూనె తోపుతోనే బండి కదులుతుంది. నలిగిన నూనె వేడెక్కుతుంది. వేడెక్కిన నూనె ముందున్న కూలర్‌లోకి వెళ్లి, గాలి తగిలి చల్లబడి, మళ్లీ తిరిగి వస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపే ఆ నూనె కూలర్‌కు పోతుంది. అందుకే వేడెక్కినప్పుడు చదును మీద ఆపాలి, న్యూట్రల్‌లో పెట్టాలి, ఇంజిన్‌ను కొంచెం రేజ్‌లో, అంటే మామూలు కంటే జోరుగా తిరిగేట్టు, ఉంచాలి. రెండు మూడు నిమిషాల్లో ముల్లు దిగుతుంది. ఇంజిన్ ఆపితే నూనె ఎక్కడిదక్కడ నిలిచిపోయి లోపలే మాడుతుంది.

ఇదంతా మాకు చెప్పింది ఒక కుర్ర ఇంజినీరు. జగిత్యాల వైపు పిల్లాడు, కొత్తగా చేరాడు, ఇంకా పర్మినెంట్ కాలేదు. మంచివాడే, అది కూడా రాయాలి. షెడ్డులో మమ్మల్ని కింద కూర్చోబెట్టి, తనూ కింద కూర్చుని, చాయ్ గ్లాసులో చెంచా తిప్పి చూపించి మరీ చెప్పాడు. "లారీ నడిపిన చేతులు మీవి. వేడెక్కిందంటే చేయి సీదా చాబీ మీదికి పోతది. ఆ చేయిని కట్టేసుకోండ్రి" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. నిజమే మరి. లారీ వేడెక్కితే ఇంజిన్ బంద్ చేసి, బానెట్ ఎత్తి, నీళ్లు పోసి, బీడీ ముట్టించడమే మా అందరికీ తెలిసిన వైద్యం.

ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు ఆసిఫాబాద్ భాయ్. పేరు రాయను. ఆసిఫాబాద్ నుంచి వచ్చినవాడు కాబట్టి గనిలో అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. వాళ్ల నాన్న చేతగాక దిగిపోతే ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది. మొదట భూమి కింద గనిలో తట్టా చెమ్మస్ పని, అంటే పారతో తోడి బొగ్గు డబ్బాల్లో నింపడం. నడుం వంచితే లేపడానికి జాగా ఉండదు. కొన్నేళ్లు అది చేసి, ఎవరెవరి కాళ్లో పట్టుకుని, పైగనికి వచ్చి, డంపర్ మీద యాక్టింగ్ ఆపరేటర్ అయ్యాడు.

యాక్టింగ్ అంటే మీకు తెలియదు కదా. పని పెద్దది చేయిస్తారు, కాగితం మీద మాత్రం పాత పనివాడివే. కొంతకాలం మచ్చ లేకుండా నడిపితే ఆపరేటర్ అని ఖాయం చేస్తారు. నడుమ ఏదన్నా తప్పు పడితే తిరిగి ఎక్కడినుంచి వచ్చావో అక్కడికే. భాయ్‌కి అంటే మళ్లీ భూమి కిందికి. అందుకని యాక్టింగ్ వాళ్లెవరూ బండి ఆపేవాళ్లు కాదు. ఆపితే బ్రేక్‌డౌన్ తమ పేరు మీద పడుతుంది. ముల్లు ఎక్కడున్నా కళ్లు రోడ్డు మీదే పెట్టి పోతుండేవాళ్లు.

మే నెల ఎండకు మేమందరం గ్రీజు బండి కింద దూరేవాళ్లం. భాయ్ మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని ఎండలోనే నిలబడేవాడు.

"పిచ్చి లేసిందా భాయ్, నీడకు రారాదు" అనేవాణ్ని.

"నీకేమెరుక అన్నా. బొందల దిగి సూడు ఒక్కసారి. గీ ఎండ ఎంత తియ్యగుంటదో అప్పుడు తెలుస్తది."

అతని కోరిక అంతే. ఎండలో బతకడం. కుర్చీ కాదు, పెద్ద జీతం కాదు. దాన్ని ఖాయం చేసుకోవడానికి ఇక నెలరోజుల పనే మిగిలింది అన్నప్పుడు వచ్చింది ఆ మంగళవారం.

హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన గని చూడటానికి వస్తున్నాడన్నారు. లెక్కల వైపు అధికారి. అంతకుముందు నెలలో మా గని బొగ్గు బాగా తీసిందట, ఆ సంబరం. కొబ్బరికాయ కొట్టి, జెండా ఊపి, ఒక డంపర్‌ను సాగనంపాలి. అందరికంటే శుభ్రంగా ఉన్న బండి భాయ్‌ది. రోజూ డ్యూటీ దిగేముందు తుడిచి పెట్టేవాడు. దానికే ముస్తాబు చేశారు. అద్దాలకు బంతిపూలు, మెట్లకు అరటి మట్టలు, ముందు భాగానికి ఆ చివర నుంచి ఈ చివరకు పసుపుపచ్చని మందపు బట్ట. మీద ఎర్ర అక్షరాలు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా బైండింగ్ వైరుతో బిగించారు. కట్టింది యార్డులో పనిచేసే ఇద్దరు జనరల్ మజ్దూర్లు. ఇద్దరూ మనవాళ్లే, పాటలు పాడుకుంటూ కట్టారు.

మనిషికి దండ వేసినట్టు బండికీ ముఖానికే కడతాం. పెళ్లి బస్సుకు కడతాం, ఎన్నికల జీపుకు కడతాం. ఆ ముఖం వెనకే రేడియేటర్, దాని పక్కనే నూనె చల్లబడే కూలర్ ఉన్నాయని ఆ తెల్లవారుజామున ఎవరికి తట్టింది? భాయ్‌కి కూడా తట్టలేదు.

"సూడు అన్నా, పెండ్లిపిల్లగాన్ని చేసిండ్రు నా బండిని!" అని మురిసిపోయాడు.

పెద్దాయన వచ్చాడు, కాయ కొట్టాడు, జెండా ఊపాడు. అందరం చప్పట్లు కొట్టాం. భాయ్ కిందికి పోయి లోడు వేసుకుని పైకి వచ్చాడు. బాగానే వచ్చాడు. రెండో ట్రిప్పులో మా దగ్గర వేగం తగ్గించి తల బయటపెట్టి అరిచాడు. "ముల్లు పసుపులకొచ్చింది అన్నా. గీ బట్ట గాలి ఆడనిస్తలేదు. ఫోర్‌మన్‌తోని చెప్పరాదు."

నేను ఫోర్‌మన్ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, "ఏం మాట్లాడుతున్నవ్‌రా? సార్లు ఇంకా గనిలనే ఉన్నరు. బట్ట ఇప్పితే నా బట్టలిప్పుతడు మేనేజరు. గడియసేపు ఓర్సుకొమ్మను" అన్నాడు.

ఓర్చుకున్నాడు. మూడో ట్రిప్పుకూ పోయాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, భాయ్ మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా సరే. రెండో ట్రిప్పులోనే అతను ఆపి ఉండాల్సింది. పసుపు దాటుతుందని తెలిసీ మళ్లీ కిందికి పోయి లోడు ఎత్తుకున్నాడు. నెలరోజుల్లో ఖాయం కాబోతున్న మనిషి, పెద్దాయన గనిలో ఉండగా పూలబండిని రోడ్డు పక్కన పెట్టగలడా? మీరైతే పెడతారా? నాకు తెలియదు.

మూడో ట్రిప్పు ఎక్కుతూ మా మలుపు దగ్గర చదునులోకి తిప్పి ఆపేశాడు. ముల్లు ఎరుపులో ఉంది. న్యూట్రల్‌లో వేసి, బ్రేకు బిగించి, ఇంజిన్ రేజ్ చేసి పెట్టాడు. నేను చక్రాల కింద దిమ్మెలు వేశాను. నేర్పింది నేర్పినట్టే చేశాడు. పైనుంచి అరిచాడు, "అన్నా, బట్ట కోసెయ్యి!"

నేను కటింగ్ ప్లేయర్ తీసుకుని ముందుకు పోయాను. బట్ట అంచు కొంచెం ఎత్తితే ఆ సందులోంచి సెగ ముఖాన కొట్టింది. ఒక మూల వైరు కోయబోతుంటే ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు ఆగు! వచ్చిండ్రు!"

జీపు వచ్చి మా ముందే ఆగింది. నడిపేది జీపు డ్రైవర్. ముందు సీట్లో పెద్దాయన, వెనక మేనేజర్, ఆయన పక్కన మా కుర్ర ఇంజినీరు. మేనేజర్ కోస్తా వైపు మనిషి. దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏంటయ్యా ఇది? ఇవాళే దొరికిందా మీకు బండి ఆపుకు కూర్చోడానికి? పైగా ఆ రొదేంటి, డీజిల్ మీ బాబుదా?"

భాయ్ మెట్లు దిగి వచ్చి నిలబడ్డాడు. "గేర్‌బాక్స్ నూనె గరమైంది సాబ్. దిగుతది, జరసేపు."

పెద్దాయన జీపులోంచి చూస్తున్నాడు. నెత్తి మీద తడిగుడ్డ, చేతిలో మజ్జిగ గ్లాసు. ఆయనకు కోపం లేదు, ఎండకు విసిగిపోయి ఉన్నాడంతే. "ఏమైందట?" అన్నాడు.

"ఏం లేదు సార్, కొంచెం వేడెక్కింది" అన్నాడు మేనేజర్, గొంతు మార్చి.

"వేడెక్కితే ఇంజన్ ఆపాలి కదయ్యా? మొన్న కొండగట్టు పోతుంటే మా కారు కూడా ఇంతే. ఆపి బకెట్ నీళ్లు పోశాడు డ్రైవరు. టక్కున సర్దుకుంది."

అంతే ఆయన అన్నది. తెలియక, మంచికే అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఎవరో ఒకరు కాదు సార్ అని ఉంటే సరే అని మజ్జిగ తాగేవాడు.

మేనేజర్ భాయ్ వైపు తిరిగాడు. "విన్నావుగా. ఆపెయ్యి."

"సాబ్, బంద్ చేస్తే ఖరాబైతది. నూనె తిరగదు సాబ్. గీ ముందటి బట్ట తీస్తె చాలు, రెండు నిమిషాల..."

"నువ్వు నాకు చెబుతావా?"

"నేను చెప్తలేను సాబ్. సాబే చెప్పిండు మాకు." భాయ్ ఇంజినీరు వైపు చెయ్యి చూపించాడు.

అందరం ఇంజినీరు వైపు చూశాం. మేనేజర్ అడిగాడు, "ఏమయ్యా? ఆపితే ఏమన్నా అవుతుందా?"

 ఆ పిల్లాడు ఒకసారి బట్ట వంక చూశాడు. ఒకసారి పెద్దాయన వంక చూశాడు. తర్వాత తన బూట్లు చూసుకున్నాడు.

"ఆపొచ్చు సార్" అన్నాడు.

నా బతుకులో నేను చాలా బూతులు విన్నాను, తిన్నాను, తిట్టాను. ఆ రెండు మాటలంత బూతు మళ్లీ వినలేదు. తెలియనివాడు అంటే ఒక రకం. చాయ్ గ్లాసులో చెంచా తిప్పి చూపించినవాడు అన్నాడు.

భాయ్ మేనేజర్‌ను చూడలేదు. ఇంజినీరును చూశాడు, కొంచెంసేపు. తర్వాత పైకెక్కి చాబీ తిప్పాడు. గని అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయినట్టు అనిపించింది.

ఫోర్‌మన్ మెట్లెక్కి లోపలికి తొంగిచూసి సంబరంగా కేకేశాడు. "ముల్లు పడిపోయింది సార్! అడుగుకచ్చింది!"

"చూశావా?" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. మేనేజర్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"కరెంటు బంద్ పెడితె ముల్లు పడుతది సాబ్, వేడి పడది" అని భాయ్ అన్నాడు. కిటికీ పక్కన నిలబడ్డ నాకు వినబడింది. నవ్వుల్లో మిగతావాళ్లకు వినబడిందో లేదో తెలియదు. ఇంజినీరుకు వినబడాలి. ఆయన నవ్వలేదు.

మా గ్రీజు బండి మీద నీళ్ల డ్రమ్ముంది. బట్ట కట్టిన ఆ ఇద్దరు మజ్దూర్లే మేనేజర్ చెప్పగానే బకెట్లతో నీళ్లు తెచ్చి బండి ముందు భాగం మీద, బట్టతో సహా, కుమ్మరించారు. ఎర్ర అక్షరాల రంగు కరిగి బంపర్ మీదికి కారింది. బట్ట ఇంకా గట్టిగా రేడియేటర్ ముందరి జాలీకి అతుక్కుపోయింది. పెద్దాయన మజ్జిగ తాగడం అయింది. "ఇక పోనివ్వండి" అన్నాడు. జీపు ముందు కదిలింది, డంపర్ వెనక రావాలని.

భాయ్ స్టార్ట్ చేశాడు. కిటికీలోంచి నాతో, "ముల్లు కొసకు పోయింది అన్నా" అన్నాడు. అరవలేదు, మామూలుగానే చెప్పాడు. పైన జీపులోంచి మేనేజర్ చెయ్యి ఊపుతున్నాడు. ఫోర్‌మన్, "పోనియ్యి బిడ్డా, పోనియ్యి, పైన ఖాళీ చేసి పక్కకు పెట్టుకుందువు" అని బతిమాలుతున్నాడు. నేను దిమ్మెలు తీశాను.

ఎత్తు సగం ఎక్కాక బండి లాగడం మానేసింది. ఇంజిన్ అరుస్తోంది, చక్రాలు తిరగడం లేదు. ఊగింది. వెనక్కి జారింది. బ్రేకు పట్టింది, మళ్లీ జారింది. అంత బరువును అది పట్టలేకపోయింది. భాయ్ స్టీరింగ్ తిప్పి బండి వెనుక భాగాన్ని రోడ్డు అంచున పోసిన మట్టికట్టలోకి గుద్దించాడు. ఇంకోవైపు తిప్పి ఉంటే గొయ్యిలోకి. లోడులో సగం రోడ్డు మీద పడింది. మేం పరుగెత్తుకుపోయేసరికి అతను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నుదురు పగిలి నెత్తురు. బండి కింద నల్లగా కాలిన నూనె, మాడిన వాసన. ఆ వాసన తెలిసినవాడికి ఇంక విప్పి చూడాల్సిన పని లేదు. గేరుపెట్టె పోయింది.

రోడ్డు మూసుకుపోయింది. కిందివి కింద, పైవి పైన నిలిచిపోయాయి. పెద్దాయనను వేరే దారిలో తీసుకుపోయారు. క్రేను వచ్చి బండిని పక్కకు లాగేసరికి సాయంత్రమైంది. అప్పటికి దాని ముందు బట్ట లేదు. పూలు ఉన్నాయి, అరటి మట్టలు ఉన్నాయి, బట్ట ఒక్కటే లేదు. ఎవరు తీశారో నేను చూడలేదు.

భాయ్‌కి ఛార్జిషీటు ఇచ్చారు. నిర్లక్ష్యంగా నడిపాడు, గేజీ చూసుకోలేదు, పై గేర్‌లో ఎత్తు ఎక్కించాడు, బండి చెడగొట్టాడు. ఎంక్వైరీ పెట్టారు. ఎంక్వైరీ చేసినాయన వేరే చోటినుంచి వచ్చిన అధికారి, తెల్లచొక్కా, మాట మెత్తన. ఆఫీసులో ఫ్యాను కింద బల్ల, బల్లకు అటు ఆయన, ఇటు మేం ఒక్కొక్కరం. మిగతావాళ్లు గోడ పక్కన బెంచీ మీద.

జీపు డ్రైవర్ నేను రోడ్డు చూస్తున్నా, బండి చూడలేదన్నాడు. మజ్దూర్లిద్దరూ పూలు కట్టినం గానీ బట్ట కట్టలేదన్నారు. ఒకడు ఆ మాట అనేటప్పుడు నావైపు చూసి కళ్లు దించుకున్నాడు. వాడికి ఇంట్లో మూడో కానుపు, ఉద్యోగం ఇంకా రోజుకూలీ లెక్కే. ఫోర్‌మన్ దగ్గుతూ దగ్గుతూ జ్ఞాపకం లేదన్నాడు. ఇంజినీరు బట్ట సంగతి నా దృష్టికి రాలేదన్నాడు. పుస్తకంలో ఉన్నట్టు చక్కగా మాట్లాడాడు.

నా వంతు వచ్చింది.

"ముందర బట్ట కట్టిండ్రు సార్. గాలి పోకుండ. గందుకే వేడెక్కింది. మళ్ల ఇంజిన్ బంద్ చేపిచ్చిండ్రు" అన్నాను.

"ఏం బట్ట?"

"పసుపుపచ్చది సార్. మీద ఎర్ర అక్షరాలు."

"ఏమని రాసుంది?"

 ఆ ప్రశ్న వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

"నాకు చదువు రాదు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అడిగాడు. "చదువు రాదు. మరి అవి అక్షరాలని నీకెలా తెలుసు?"

బెంచీ మీద నవ్వారు. ఫోర్‌మన్ కూడా నవ్వాడు. భాయ్ మాత్రం నవ్వలేదు. నన్ను చూస్తున్నాడు. నా మాటకు సంతోషించాడేమో అనుకున్నాను.

బయట చాయ్ హోటల్ ముందు నా భుజం పట్టి తిప్పాడు.

"ఎవ్వలు చెప్పమన్నరు నిన్ను?"

"ఉన్నదే చెప్పిన భాయ్."

"ఉన్నది నాకు తెల్వదా? గా మెట్టు మీద కూసున్నది నేను. యూనియనోళ్లు నిన్న మాట్లాడి వచ్చిండ్రు. తప్పయిందని ఒప్పుకుంటె వార్నింగు ఇచ్చి ఇడిసిపెడుతమన్నడు మేనేజరు. బండి నాకే ఉంటదన్నడు. ఇప్పుడు నువ్వు బట్ట ముచ్చట తీస్తివి నడుమట్ల. బట్ట ఉందంటె తప్పు ఆయనది. ఇగ ఆయన ఊకుంటడా?"

"మరి నాకు చెప్పకపోతివి..."

"చెప్తె నువ్వు ఊకుందువా? నీ నోరు నాకు తెల్వదా?" "నీ నిజాన్ని నీ ఇంట్ల పెట్టుకోకపోయినవ్ అన్నా. నాకెందుకు తెచ్చినవ్?"

అతను చెప్పినట్టే అయింది. వార్నింగు మాట మళ్లీ వినబడలేదు. యాక్టింగ్ తీసేశారు. తిరిగి భూమి కింద గనికి, తట్టా చెమ్మస్‌కు పంపారు. యూనియన్ నాయకుడు నాతో, "ఉద్యోగం పోకుంట కాపాడినం, అదే పదివేలు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన లెక్కలో అది గెలుపే.

నేను మాట్లాడకుండా ఉంటే భాయ్ పైనే ఉండేవాడా? ఉండేవాడేమో. మేనేజర్ మాట మీద నిలబడేవాడా? నాకు నమ్మకం లేదు. ఎటూ తేలదు. నేను చేసింది తప్పని మాత్రం ఒప్పుకోను. అడిగితే మళ్లీ అదే చెబుతాను. చెప్పిన నిజం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పేవాడి చేతిలో ఉండదు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే కొంచెం మెల్లగా చెప్పేవాణ్నేమో, అంతే.

ఆ ఏడాది దసరాకు మళ్లీ డంపర్లకు ముందు బట్టలు కట్టారు. ఎవరూ వద్దనలేదు. వద్దంటే అప్పుడు కూడా కట్టారని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.

ఇంజినీరు పర్మినెంట్ అయ్యాడు, పెద్దవాడయ్యాడు, వేరే గనులకు పోయాడు. చాలా ఏళ్లకు ఒకసారి లక్సెట్టిపేట బస్టాండులో నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. జుట్టు నెరిసింది. చాయ్ ఇప్పించాడు. కాసేపు పిల్లల సంగతులు మాట్లాడి, ఉన్నట్టుండి అన్నాడు.

"అన్నా, అప్పటికి నాకు ఇంకా పర్మినెంట్ కాలే. ఇంట్ల ఇద్దరు చెల్లెండ్లు. నువ్వే చెప్పు, నేనేం చేయాలె?"

"నాకేం తెలుస్తది సార్, నేను గ్రీజు కొట్టేటోన్ని" అన్నాను.

"నన్ను సార్ అనకు అన్నా."

"అలవాటైంది సార్."

ఆయన గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. చాయ్ సగం మిగిలిపోయింది. నాది నేను పూర్తిగా తాగాను.

భాయ్ కొన్నేళ్లు కింద చేసి, దగ్గుతో అన్‌ఫిట్ అయి ఆసిఫాబాద్ పోయాడని విన్నాను. నేను రిటైరయ్యాక ఒకసారి వెతుక్కుంటూ పోయాను. రేకుల ఇల్లు. కోడలు బయటికి వచ్చి, "మామయ్య ఇంట్ల లేడు, ఊరికి పోయిండు" అంది. లోపల్నుంచి దగ్గు వినబడుతూనే ఉంది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "సరే బిడ్డా, వచ్చిండని చెప్పు" అని వచ్చేశాను. ఎవరు వచ్చారని చెప్పాలో ఆమె అడగలేదు.

ఎంక్వైరీ అయిన తర్వాత కాలనీలో పెద్దవాళ్ల బడి పెడితే పోయి పలక పట్టాను. నలభై దాటిన వేళ్లు, స్పానర్‌కు అలవాటు పడ్డవి, బలపం పట్టుకుంటే విరిగిపోయేది. పంతులమ్మ నా కూతురి ఈడుది. "కాకా, జర మెల్లగ" అనేది. చదువు వస్తే జ్ఞానం వస్తుందన్నారు. నాకు జ్ఞానం అక్కరలేదు. ఇంకోసారి ఎవడన్నా ఏమని రాసుందని అడిగితే చెప్పాలి, అంతే. అప్పటినుంచి ఎక్కడ బట్ట కట్టినా ఆగి చదువుతాను. అన్నీ ఒకటే రాస్తారు, స్వాగతం, సుస్వాగతం, ఎవరిదో పేరు. ఆ రోజు బట్ట మీద కూడా అదే ఉండి ఉంటుంది. కానీ నేను చదవలేదు కాబట్టి అదే ఉందని చెప్పను. చదివినవాళ్లలో ఇద్దరు ముగ్గురిని తర్వాత అడిగి చూశాను. బట్టేంటి అన్నారు.

పేర్లు రాయడం లేదు. బతికున్నవాళ్లకు తమ సంగతి తెలుసు, పోయినవాళ్ల పిల్లలకు ఈ భారం ఎందుకు? ఆ మంగళవారం ఆ మలుపు దగ్గర ఉన్నది వీళ్లు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన. మేనేజర్. జగిత్యాల వైపు ఇంజినీరు. చేతికి గడియారమున్న ఫోర్‌మన్. రోడ్డు చూస్తున్న జీపు డ్రైవర్. పూలు కట్టిన మజ్దూర్లు ఇద్దరు. ఆసిఫాబాద్ భాయ్. నేను.